అడిగేవాళ్ళ కోసం ఒక పెరడు

మా అత్తకు మిగిలిన కోరిక ఏమిటో విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. కాశీ కాదు, రామేశ్వరం కాదు, మనవడి పెళ్ళి కూడా కాదు.

"మన గేటు కాడ నిలబడి ఎవురన్నా, అమ్మా, ఒక రెమ్మ ఇస్తారా అని అడగాల. నేను లేచిపోయి కోసి ఇయ్యాల. ఒక్కసారన్నా," అన్నది.

"ఇదేం కోరిక అత్తా, రాజుగారిని గరిటెడు గంజి అడిగినట్టు?" అన్నాను. నా నోరు అంతే. ముందు మాట వచ్చేస్తుంది, బుద్ధి వెనకాల చెప్పులేసుకుని నింపాదిగా వస్తుంది. ఆ బుద్ధి వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే మా బజారు ఇల్లు నేనూ చూశాను కదా. మార్కాపురంలో ముందు కిరాణా దుకాణం, దాని వెనక సరుకు గది, ఆ వెనక వంటిల్లు. గడప నుంచి దొడ్డి గోడ దాకా పలకరాళ్ళు పరిచిన నేల. ఒక్క దోసెడు మట్టి కనిపించాలంటే డాబా మీది తులసి కుండీ దగ్గరకు పోవాలి. మా అత్త పదిహేనేళ్ళ పెళ్ళికూతురుగా ఆ ఇంట్లో కాలు పెట్టింది. అప్పటినుంచి ఉగాదికి వేపపువ్వు కావాలన్నా, అట్లతద్దికి గోరింటాకు కావాలన్నా, వినాయక చవితికి పత్రి కావాలన్నా, ఎవరి గుమ్మం ముందో నిలబడి అడగాల్సిందే. ఊరంతా మా గడప తొక్కి పప్పూ ఉప్పూ కొనుక్కుపోయేది. ఆవిడ ఆకు కోసం ఊరందరి గడపలూ తొక్కింది.

చాలామంది మంచిగానే ఇచ్చారట. ఒకావిడ మాత్రం కరివేపాకు కోస్తూ కోస్తూ, "మీ దుకాణంలో చింతపండు ఊరికే ఇస్తారా ఏంది?" అని నవ్విందట. ఆవిడ వేళాకోళానికే అని ఉంటుంది. మా అత్త ఆ రెమ్మ తెచ్చి చారులో వేసింది గాని తను ఆ చారు పోసుకోలేదట. ఇది నాకు ఆవిడ చెప్పలేదు, మామగారు ఉన్నప్పుడు ఆయన చెప్పారు.

నాకు తల్లి చిన్నప్పుడే పోయింది. పుట్టింట్లో చెయ్యాల్సినవన్నీ అత్తింట్లో జరిగిన పిల్లను నేను. నా జడ వేసింది, నా జ్వరాలకు మేలుకుంది, నా నోటిని భరించింది ఆవిడే. అలాంటి మనిషి అడిగినది ఒక పెరడు. ఒక రెమ్మ కోసుకునేంత పెరడు. అది కూడా తన కోసం కాదు, అడిగేవాళ్ళకు ఇవ్వడానికి. ఇంత చిన్న కోరిక తీర్చలేకపోతే ఇంకెందుకు నా కోడలితనం అనిపించింది.

బజారు ఇల్లు చాలక తర్లుపాడు రోడ్డు వైపు ఊరి చివర స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. అప్పటికి అత్త మోకాళ్ళు అరిగిపోయాయి, చూపు కాస్త తగ్గింది. ఇంటి ముందూ వెనకా ఖాళీ ఉంచమని మా ఆయనతో పోట్లాడి ఒప్పించాను. ఆయన ఒప్పుకున్నాడు గాని, స్థలం పల్లంగా ఉందని అందరూ చేసే పనే చేసినాడు. పలకల గని నుంచి ట్రాక్టర్ల మీద రాతి తుక్కు తోలించి మెరక చేసినాడు. మా వైపు ఇంటి స్థలం ఎత్తు చెయ్యాలంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే, పలకల తుక్కు ఎంత కావాలన్నా దొరుకుతుంది. దాని మీద ఎర్రమట్టి పౌడరు రాసినట్టు పల్చగా చల్లించినాడు. చూడ్డానికి నేల లాగే ఉంది. పలుగుతో గుచ్చితే మాత్రం ఖణేల్ మంటుంది.

ఆ సంగతి తెలియక కడియం మొక్కల బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా పరిగెత్తాను. గులాబీలు, మందారాలు, ఆకులు విసనకర్రల్లా ఉండే ఏవో ఇంగ్లీషు మొక్కలు, కార్పెట్ లాంటి పచ్చిక. ఎండాకాలం వచ్చింది. మా ఎండ సంగతి మీకు తెలిసిందే. బోరు నీళ్ళు పోస్తే కుండీల అంచుల చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. ఒక్కో మొక్కా ముందు ఆకు అంచు కాలినట్టయి, తర్వాత తల వాల్చేసింది. అత్త ప్రతిదాని దగ్గరా నిలబడి "పోనీలే" అనేది. నాకు పోనీలే అనడం చేతకాదు. బండివాణ్ణి, బోరుని, మా ఆయన్ని, ఆ తుక్కు తోలిన ట్రాక్టరునీ వరసపెట్టి తిట్టాను. ఒక్క ఆకూ పచ్చబడలేదు.

అప్పుడు అత్తే ఒక ఉపాయం చెప్పింది. దుకాణంలో కూర్చుని రైతుల మాటలు విన్న చెవులవి. "చేలల్లో మంద తోలిస్తారు గదా, మనమూ తోలిద్దాం," అన్నది.

మంద తోలించడమంటే గొర్రెల్ని రాత్రిళ్ళు చేలో పడుకోబెట్టడం. వాటి పెంటా పంచితమూ నేలకు బలం. మెట్ట పొలాలున్న ప్రతివాడికీ తెలిసిన పని. కానీ సిమెంటు గోడల మధ్య, గ్రిల్లు గేటున్న ఇంట్లో మంద తోలించిన వాళ్ళను నేను వినలేదు. మా ఆయన "పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నట్టుంది," అని దుకాణానికి పోయినాడు. నేను మాత్రం మా దుకాణానికి వచ్చే గొర్రెలాయనను అడిగాను.

ఆయన పగలబడి నవ్వి, "ఇంట్లోకి మందను పిలిచేటోళ్ళను ఇప్పుడే చూస్తాండా అక్కా. పెళ్ళికి పిలిచినట్టు పిలిచినారు, రాకుండా ఉంటామా?" అన్నాడు. అన్నట్టే తోలుకొచ్చినాడు. ఇంక చూడండి. మెట్ల మీద గొర్రెలు, పోర్టికోలో గొర్రెలు, మా ఆయన స్కూటీ సీటు నములుతూ ఒక గొర్రె. వీధి వీధంతా డాబాలెక్కి చూసింది. మంద ఉన్నన్నాళ్ళూ మాకు నిద్ర లేదు, ఆ వాసనకు పక్కింటివాళ్ళు మాతో మాటలు మానేశారు. అత్త మాత్రం కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి గొర్రెనూ పలకరించింది. ఆమె అంత సంబరపడటం నేను అంతకు ముందు చూడలేదు.

వానలు పడ్డాయి. నేల నిజంగానే లేచింది. ఎక్కడ చూసినా మొలకలు. పల్లేరు, తుత్తురబెండ, రేగు, పేరు తెలియనివి బోలెడు. మా ఇద్దరికీ మొక్కల పేర్లు సగం తెలియవు. బజారులో బతికిన వాళ్ళకు శొంఠి తెలుసు గాని అల్లం మొక్క తెలియదు. అయినా ఒకరోజు పొద్దున్నే అత్త కేక పెట్టింది.

"ఏమ్మా, ఇటు రా! జమ్మి మొలిచింది మన ఇంట్లో!"

వెళ్ళి చూస్తే జానెడు మొక్క. చిన్న చిన్న ఆకులు రెండు వరసలుగా, సన్న ముల్లు. దసరాకు పూజలో పెట్టుకునే జమ్మి రెమ్మ ఆకుల్లాగే ఉంది. నాకూ జమ్మే అనిపించింది. అత్త దాని చుట్టూ రాళ్ళు పేర్చింది. పసుపూ కుంకుమా పెట్టింది. పొద్దున దీపం పెట్టి మూడు చుట్లు తిరిగి, చెంబుడు నీళ్ళు పోసేది. "ఇంకో రెండు దసరాలు పోతే చూడు, రెమ్మ కోసరం వీధంతా మన గేటు కాడికే వస్తది," అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో వచ్చే వెలుగు చూసి నేను ఆ మొక్కను నా బిడ్డల కంటే ఎక్కువ కాపలా కాశాను.

అది దయ్యంలా పెరిగింది. ఇంకో వానాకాలం దాటేసరికి నా ఎత్తు అయింది. మిగతా మొలకల్ని తన కిందికి తొక్కేసింది. మేం ఆ జోరు చూసి అమ్మవారి మహిమ అనుకున్నాం.

ఒక పెళ్ళికి బస్సులో తర్లుపాడు పోతున్నాను. కిటికీ పక్కన సీటు. రోడ్డుకు రెండు వైపులా, చెరువు కట్ట మీద, బీడుల్లో, ఎక్కడ చూసినా కంపే. సర్కారు తుమ్మ. ఎప్పుడూ చూసేదే, ఎప్పుడూ చూడందే. బస్సు ఆగిన చోట ఒక కొమ్మ కిటికీలోకి వచ్చింది. రెండు వరసల చిన్న ఆకులు, సన్న ముల్లు. పసుపుపచ్చగా తియ్యటి కాయలు వేలాడుతున్నాయి, కింద గొర్రెలు వాటిని ఏరుకుని తింటున్నాయి. అచ్చం మా ఇంట్లో జమ్మే. పెళ్ళిలో ఏం తిన్నానో గుర్తులేదు.

మా గొర్రెలు బంగారం లాంటి పెంటతో పాటు ఆ గింజల్నీ తెచ్చి మా ఇంట్లో వేసి పోయాయన్నమాట. మేం వాటికి హారతులిచ్చాం. పొలాల్లోకి వస్తే రైతులు గడ్డపార పట్టుకుని తరిమే కంపకు పసుపు కుంకుమలు పెట్టి చుట్టూ తిరిగిన ఇల్లు ఈ జిల్లా మొత్తంలో మాదొక్కటే అయి ఉంటుంది.

చెప్పాలా, వద్దా? ఏ మాటా దాచుకోలేని దాన్ని, ఆ ఒక్క మాట నాలుగు రోజులు గొంతులో పెట్టుకుని తిరిగాను. చెప్పకపోతే అది గోడలెక్కి పెరడంతా మింగేస్తుంది. చెప్తే ఆవిడ రెండు దసరాల ఆశ పోతుంది. చివరికి ఆవిడ చుట్లు తిరుగుతుంటే చూడలేక చెప్పేశాను.

అత్త ఆగిపోయింది. ఆకు తుంచి కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత, "నేను పోసిన నీళ్ళన్నీ దీనికేనా?" అన్నది. ఆ అడగడం కోపంగా అడిగినా బాగుండేది. లోపలికి పోయి పడుకుంది. ఆ పూట అన్నం వద్దన్నది. నేను గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. మా ఆయన వచ్చి కంపను నరికినాడు, అది వారం తిరక్కుండానే మళ్ళీ చిగురేసింది. వేరుతో సహా తవ్వించేసరికి పెరట్లో సగం గుంత అయింది.

ఆ గుంత దగ్గర నిలబడి నాకొక సంగతి తట్టింది. నేను ఇన్నాళ్ళూ నాకు ఏ మొక్క బాగుంటుందో చూసి కొన్నాను. కావాల్సింది అది కాదు కదా. ఎవరికి ఏ ఆకు అవసరమైతే మా గేటు దగ్గరకు వస్తారు? ఆ మొక్కలు కావాలి. అవి మా ఎండకు, మా బోరు నీళ్ళకు, మా రాతి తుక్కుకు బతికేవై ఉండాలి. అంటే బండి మీద అమ్మేవి కాదు, మా పల్లెల్లో ఎవరూ నాటకుండా వాటంతటవే బతుకుతున్నవి.

అత్తను పిలిచి మంచం పక్కన కూర్చుని అడిగాను, "నువ్వు ఎవరెవరి ఇళ్ళకు ఏమేం అడగడానికి పోయినావో చెప్పత్తా." మొదట మొహం తిప్పుకుంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టి, మధ్యాహ్నం కాఫీ దాకా చెప్తూనే ఉంది. ఇన్నేళ్ళ అడగడంలో ఆమెకు ఇంత తెలుసని నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఏ పండక్కి ఏ పువ్వు, ఏ నొప్పికి ఏ ఆకు, ఏది ఎవరింట్లో ఏ గోడ పక్కన ఉండేది, అన్నీ చెప్పింది. మా పెరటికి మొక్కల్ని ఎంచింది అలా, ఆమె తొక్కిన గడపలే.

వాటిని తేవడానికి మళ్ళీ అడగడమే. ఈసారి నేను అడిగాను. రాచర్ల వైపు చుట్టాల చేను గట్టు నుంచి తంగేడు గింజలు వచ్చాయి. ఎవరో గుప్పెడు కలేకాయలు ఇస్తే తిని గింజలు పాతాం. నల్లేరు ముక్క గోడ మీద పడేస్తే చాలన్నారు, పడేశాను, నిజంగానే చాలింది. గోరింట కొమ్మ పాత బజారులో అత్తకు ఎప్పుడూ ఆకు ఇచ్చే ఇంటి నుంచే తెచ్చాను. వాళ్ళ కోడలు నా చేతిలో కొమ్మతో పాటు కాఫీ గ్లాసు పెట్టింది. వాళ్ళందరినీ తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు నిండుతుంది. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. అడగడం ఇంత హాయైన పనని తెలియక నేను బండివాడి దగ్గర బేరాలాడాను.

కొనకనమిట్ల దగ్గర మా పుట్టింటికి పోయినప్పుడు వాగు ఒడ్డు నుంచి మా వదిన వావిలి కొమ్మలు కొట్టిచ్చింది. "మేకలు కూడా ముట్టవు దీన్ని. రాళ్ళల్లోనే బతుకుద్ది," అన్నది. కంపను తవ్విన గుంతలోనే వాటిని పాతాను. రథసప్తమికి పనికొస్తుందని నేను జిల్లేడు కూడా పెడతానంటే అత్త మంచం మీద నుంచే గొడవ చేసింది. "పాడుపడిన ఇండ్లల్లో మొలిచేది, ఇంట్లో పెడతావా?" ఇద్దరం రాజీపడి దాన్ని గేటు బయట ఉంచాం.

మొక్కలు నిలిచాయి. తంగేడు మొదటిసారి పూసినప్పుడు ఇల్లంతా పసుపు ఆరబోసినట్టయింది. అత్త కర్ర పట్టుకుని వచ్చి ప్రతిదాన్నీ తాకి చూసింది. అంతా ఉంది. అడిగే మనిషే లేదు. మాది కొత్త వీధి. ఎవరి గేటు వాళ్ళది, ఏం కావాలన్నా ఫోనులో తెప్పించుకునే కాలం. సాయంత్రాలు అత్త గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, దారిన పోయే ప్రతి ఆడమనిషినీ ఆశగా చూసేది.

చూడలేక నేనొక తెలివితక్కువ పని చేశాను. మా పాలామెకు చెప్పి పెట్టాను, నువ్వు రేపు గోరింటాకు అడుగు అని. ఆమె పాలు పోసి, అత్త ముందు నిలబడి, "అక్క అడగమనింది అవ్వా, అడుగుతాండా. రోంత గోరింటాకు ఇయ్యి," అన్నది. అత్త నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోసి ఇచ్చింది. తర్వాత నన్ను పిలిచి, "అడిగించింది అడిగినట్టు గాదమ్మా," అన్నది.

పోయిన చలికాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, లేవాలన్న మనసు తగ్గిపోయింది. కర్ర మూలన పెట్టేసింది. కుర్చీ లోపల వెయ్యమన్నది. అన్నం పెడితే నాలుగు ముద్దలు తిని, "చాల్లే, ఇంకేం పని నాకు," అనేది. డాక్టరు మందులు మార్చినాడు, మా ఆయన పండ్లు తెచ్చినాడు. నాకు మాత్రం తెలుసు, ఆమెకు కావాల్సింది ఏ దుకాణంలోనూ లేదు. ఆమె వెళ్ళిపోయేలోపు ఎవరో ఒకరు రావాలని నేను మొక్కని దేవుడు లేడు.

ఒక పొద్దున గేటు చప్పుడైంది. వెనక వీధి మనిషి, నేనెప్పుడూ మాట్లాడలేదు. చేతిలో ఖాళీ ప్లాస్టిక్ కవరు, మొహమాటంగా నిలబడి ఉంది.

"మీ ఇంట్లో వావిలి ఉందంట గదమ్మా. మా కోడలు బాలింత. నీళ్ళు పోసేదానికి ఆకు కావాల. ఊరంతా చూసినా, యాడా లేదు. రోంత ఇస్తారా?"

గేటు గడియ తియ్యడం కూడా మరిచిపోయి నిలబడ్డాను. లోపల్నుంచి అత్త గొంతు వినిపించింది. "ఎవురే అది? ఏం గావాలంట?"

"వావిలాకంట అత్తా," అన్నాను.

మంచం కిర్రుమంది. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, స్తంభం పట్టుకుని ఆమె బయటికి వచ్చింది. నేను చెయ్యి ఇవ్వబోతే విదిలించేసింది. "కూర్చోమ్మా" అని ఆ మనిషిని అరుగు మీద కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇవ్వమని నన్ను కసిరింది. మగబిడ్డా, ఆడబిడ్డా? పాలు పడినాయా? తల్లికి నడుము నొప్పి ఉందా? అన్నీ అడిగి, అప్పుడు లేచి వావిలి దగ్గరకు పోయి రెమ్మలు కోసింది. ఆకు నలిగి ఆ ఘాటు వాసన వాకిలంతా వచ్చింది. నా పురిట్లో రోజూ నా నడుము మీద మరిగిన నీళ్ళు పోసిన చేతుల వాసన అది. ఆ ఆకు కోసం ఆమె ఎన్ని గడపలు తొక్కిందో నేను ఆ రోజుల్లో ఒక్కసారైనా అడగలేదు. ఆమె చెప్పనూ లేదు. నిలబడ్డ చోటే చేతులు జోడించాలనిపించింది.

తీరా చూస్తే ఆమె కవరులో వేసింది గుప్పెడు. సరిగ్గా ఒక్క స్నానానికి సరిపోయేంత. చెట్టేమో నా తలకంటే ఎత్తున, గుబురుగా ఉంది. ఆ మనిషి దణ్ణం పెట్టి పోయింది. నేను ఆగలేకపోయాను.

"ఏందత్తా, అంత చెట్టు పెట్టుకుని పిడికెడే ఇచ్చినావు? బాలింత స్నానాలు ఇంకా ఎన్ని ఉంటాయి! కవరు నిండా ఇస్తే ఏం పోయింది?"

అత్త నా వైపు చూసింది. ఆ కళ్ళల్లో చాలా నెలల తర్వాత ఒక కొంటెతనం కనిపించింది.

"అంతా ఒక్కసారే ఇస్తే రేపెందుకు వస్తదే?" అన్నది. "రేపటి ఆకు రేపు కోస్తాలే. కుర్చీ తెచ్చి గేటు కాడ వెయ్యి."